బరువు పడినప్పుడు లేవని లిఫ్టు



ఖాళీగా ఉన్నప్పుడు చక్కగా పైకి లేచి, గొర్రు తగిలించినను మొరాయింపక, రోటవేటరు తగిలించి బురదమడిలో దించిన పిమ్మట మాత్రము కదలనని భీష్మించుకొని కూర్చుండు ట్రాక్టరు వెనుకటి లిఫ్టును గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిని. దమ్ముల కాలమున ఈ ఫిర్యాదు వినబడని ఊరుండదు. నీరు కట్టిన మడి, తన వంతు కొరకు గట్టుమీద నిలిచిన ప్రక్క పొలము రైతు, నారు ముదిరిపోవుచున్నదను ఆందోళన, ఇన్నిటి నడుమ లిఫ్టు లేవకపోయినచో ఎంతటి నిదానస్థునకైనను తొందర పుట్టును. ఆ తొందరలో పానా చేతబట్టి మొట్టమొదట విప్పునది, తరచుగా, కట్టకడపట విప్పవలసిన భాగమే యగుచున్నది. కావున నేను చెప్పదలచినదంతయు ఒక్క మాటను ఆశ్రయించియున్నది. బరువు క్రింద లిఫ్టు విఫలమైనప్పుడు, ఏ మరను విప్పుటకు ముందైనను, ఆ వైఫల్యము బరువుదా, ఆయిలుదా, పంపుదా, సిలిండరుదా యని తేల్చుకొనవలెను. అందులకు పెద్ద సాధనసంపత్తి యక్కరలేదు. రెండు మూడు పరీక్షలు, ఒక ప్రెజరు గేజి, ఒక గంట ఓర్పు చాలును.

ఈ లిఫ్టు పుట్టుకను ఒక్కింత స్మరించినచో దాని స్వభావము తేటపడును. ట్రాక్టరు వచ్చిన తొలినాళ్ళలో నాగలిని గొలుసుతోనో ఇనుపకడ్డీతోనో వెనుక తగిలించి లాగెడివారు. నాగలి భూమిలోని రాతికో చెట్టువేరుకో తగులుకొన్నచో ముందుచక్రములు పైకి లేచి, బండి వెనుకకు తిరగబడి, నడుపువాని ప్రాణమునకే ముప్పు వాటిల్లుచుండెడిది. ఐర్లండు దేశమున 1884లో రైతు కుటుంబమున జన్మించిన హారీ ఫెర్గూసన్ అను యంత్రశిల్పి, నాగలిని మూడు చోట్ల ట్రాక్టరునకు బిగించి, క్రింది రెండు చేతులు లాగుచుండగా పై లింకు ముందునకు నెట్టుచుండునట్లు కూర్చి, నేల కలిగించు ఎదురునే బండిని నేలకు అదిమిపట్టు బలముగా మార్చెను. అంతతో ఆగక, పై లింకుపై పడు ఒత్తిడిని బట్టి హైడ్రాలిక్ వాల్వు దానంతటదే కదలి నాగలి లోతును సవరించుకొను ఏర్పాటును గావించెను. 1936లో ఫెర్గూసన్-బ్రౌన్ ట్రాక్టరుతోను, 1939లో హెన్రీ ఫోర్డుతో కలసి తెచ్చిన ట్రాక్టరుతోను ఆ పద్ధతి లోకమున వ్యాపించినది. 1960లో మద్రాసున నెలకొన్న టాఫే సంస్థ మాసీ ఫెర్గూసన్ సహకారముతో నిర్మించిన బండ్ల ద్వారా ఆ వంశమే మన చేలలోనికి నడచివచ్చినది. ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు: నాగలి లోతును నిలుపుటకై పుట్టిన ఏర్పాటును మనము నేడు బరువులను మోయు యంత్రముగా వాడుకొనుచున్నాము. ఐదారు అడుగుల రోటవేటరు నాలుగువందల కిలోలకు అటునిటుగా తూగును. రేగడి మడిలో దానికి అంటిన బురద, ఆ బురద క్రిందికి పట్టి లాగు గుంజుడు, ఇవి యే పుస్తకములోను వ్రాయబడని అదనపు భారములు.

లోపల జరుగు వ్యాపారమును గూర్చి రెండు మాటలు. పంపు చేయునది ఆయిలును తోడి ముందుకు నెట్టుట. ఆ ఆయిలుకు ఎదురు కల్పించి ఒత్తిడిని పుట్టించునది చేతుల మీది బరువు. అందుచేత లిఫ్టు ఎంత వడిగా లేచుననునది పంపు తోడు ఆయిలు పరిమాణమును బట్టియు, ఎంత బరువును లేపుననునది ఆ ఆయిలు ఎక్కడను కారిపోక ఎంత ఒత్తిడికి నిలువగలదనుదానిని బట్టియు ఉండును. ఒక లెక్క చూడుడు. సిలిండరు లోపలి వ్యాసము 76 మిల్లీమీటర్లైనచో పిస్టను ముఖవైశాల్యము సుమారు 45 చదరపు సెంటీమీటర్లు; ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 170 కిలోలైనచో పిస్టను మీద పడు నెట్టుడు ఏడున్నర వేల కిలోలను దాటును. అయినను చేతుల కొసల వద్ద పన్నెండు వందల కిలోలకు మించి లేవకపోవుటకు కారణ మేమనగా, పిస్టను పది సెంటీమీటర్లు జరిగినప్పుడు చేతుల కొసలు ఇంచుమించు అరువది సెంటీమీటర్లు లేచుచున్నవి. దూరము ఆరింతలైనచో బలము ఆరవ వంతగుట ప్రకృతిధర్మము. అనగా కొసల వద్ద ఒక్క క్వింటాలు పెరిగినచో లోపల ఆరు క్వింటాళ్ళ భారము పెరిగినట్లే. ఇక అరిగిన సందు ఒకటి ఎక్కడనో ఉన్నదనుకొనుడు. గొర్రును ఎత్తునప్పటి కొద్దిపాటి ఒత్తిడికి ఆ సందుగుండా కారు ఆయిలు పంపు తోడుదానిలో లెక్కలోనిది కాదు. ఒత్తిడి ఐదింతలైనప్పుడు ఆ కారుడును ఇంచుమించు ఐదింతలై, కడకు పంపు తోడినదంతయు ఆ సందుగుండానే వెనుకకు పోవు స్థితి వచ్చును. అప్పుడు చేతులు నిలిచిపోవును. తేలికపాటి పనిముట్టుతో నెలల తరబడి దాగియున్న అరుగుదల రోటవేటరు తగిలించిన నాడే బయటపడుటలోని రహస్య మిదియే.

అయినను మొదటి అనుమానము లోపలి భాగములపైకి పోరాదు. బయటనున్న బరువుపైకి, దానిని మోయు లింకులపైకి పోవలెను. తయారీదారు ప్రకటించు ఎత్తుబలము ప్రామాణికమైన స్థానమున బరువునుంచి కొలిచినది. మధ్యప్రదేశ్‌లోని బుద్నీయందును, మన అనంతపురము జిల్లా గార్లదిన్నెయందును గల కేంద్రప్రభుత్వ యంత్రపరీక్షా సంస్థలు కొలతలు తీయునది అట్టి నిర్ణీత పద్ధతిలోనే. మన పనిముట్టు బరువు కేంద్రము అంతకంటె వెనుకకు జరిగినకొలది లిఫ్టుపై భారము పెరుగును; వెనుకకు చొచ్చుకొనిపోవు రివర్సిబుల్ నాగళ్ళ విషయమున ఈ తేడా స్వల్పము కాదు. ఎత్తబోయినప్పుడు చేతులు లేవక ముందుచక్రములే నేలను వీడుచున్నచో లిఫ్టు నిర్దోషి యని గ్రహించి, ముందు బరువులు బిగించుకొనవలెను, లేదా పనిముట్టును మార్చుకొనవలెను. బురదలో దిగబడినదానిని నిలిచియున్న చోటనే నిలువునా పెకలింపబూనుట కంటె, బండిని అడుగు రెండడుగులు ముందునకు కదలించుచు, బురదపట్టు సడలనిచ్చి ఎత్తుట మేలు.

పిమ్మట లింకులను చూడవలెను. లిఫ్టు రాడ్లు క్రింది చేతులకు తగులు చోట రెండేసి రంధ్రములున్న బండ్లలో, రాడ్డును పనిముట్టు వైపు రంధ్రమునకు మార్చినచో ఎత్తు కొంత తగ్గి, బలము కొంత పెరుగును. ఖర్చులేని ఈ చికిత్సను మరచి పంపు మార్పించుకొన్నవారు కలరు. ప్రక్క గొలుసులు మరీ బిగువైనను, తుప్పుపట్టిన పిన్నులు తిరుగకున్నను, అడ్డు షాఫ్టు బుష్షులు పట్టివేసినను, లిఫ్టు తన బలములో కొంత భాగమును ఈ ఘర్షణకే వ్యయపరచును. పనిముట్టును విప్పి, లివరును పూర్తిగా క్రిందకు దించి, ఇంజను ఆపి, చేతులను మనిషి పట్టి ఎత్తి చూచినచో పెద్ద బిగువు లేక కదలవలెను. లివర్ల సంగతియు ఇక్కడనే చెప్పవలసియున్నది. డ్రాఫ్టు లివరు, పొజిషన్ లివరు అని రెండున్న బండిలో, పనిముట్టును మోసికొనిపోవునప్పుడు డ్రాఫ్టు లివరును పై హద్దున నిలిపి, పొజిషన్ లివరుతోనే ఎత్తవలెను. దున్నకమునకై నడుమ నిలిపిన డ్రాఫ్టు లివరు అట్లేయుండగా లిఫ్టు మధ్యలోనే ఆగిపోయినచో అది యంత్రలోపము కాదు.

ఆయిలు మట్టమును చూచుటకును ఒక పద్ధతి కలదు. బండిని చదునైన నేలపై నిలిపి, పనిముట్టును దించి, సిలిండరులోని ఆయిలు తిరిగి అడుగునకు చేరిన పిమ్మట చూచిన మట్టమే నిజమైనది. హైడ్రాలిక్ ట్రాలీని ఎత్తుటకు ఈ ఆయిలునే వాడుకొనువారు, ట్రాలీ సిలిండరు మింగునదానిని కూడ లెక్కవేసికొనవలెను. మట్టము సరిగా ఉన్నను రంగు చూడకుండ విడువరాదు. దమ్ముచక్రములతో మోకాటిలోతు నీటిలో తిరుగు బండికి అరిగిన సీళ్ళగుండా నీరు లోపల ప్రవేశించి, ఆయిలు పాలు పోసిన కాఫీవలె తెల్లబారును. రాత్రి కదలింపక నిలిపి, తెల్లవారి ఇంజను వేయకముందు అడుగు బిరడాను కొద్దిగా వదులు చేసినచో, ఆయిలు కంటె ముందుగా నీరు వచ్చుట కంటితో చూడవచ్చును. అట్టి ఆయిలును మార్చితీరవలెను. మార్చునప్పుడు చూషణమార్గములోని జల్లెడను విప్పి కడుగక, పాత బురదమీదనే క్రొత్త ఆయిలు పోయుట ధనవ్యయము మాత్రమే. బరువు పడినప్పుడు పంపు సన్నగా కూత పెట్టుచు, చేతులు కుదుపులతో లేచుచున్నచో, జల్లెడ మూసికొనిపోవుటయో, పీల్చు గొట్టము అతుకువద్ద గాలి చొరబడుటయో జరిగినదని మొదట శంకింపవలెను. ఆయిలుపై నురుగు కనబడినచో గాలి సంగతి ఇంచుమించు రూఢియగును.

ఇంతవరకును అన్నియు సరిగా ఉన్నప్పుడు చేయవలసిన పరీక్ష, నా దృష్టిలో, అన్నిటిలోను ఉత్తమమైనది. దానిని కృష్ణా డెల్టాలో ఒక వృద్ధ మేస్త్రీ చేయుచుండగా నేను దగ్గరనుండి చూచితిని. రోటవేటరు సగమెత్తు లేచి నిలిచిపోవుచున్నదని ఒక కుర్రవాడు బండిని తెచ్చెను. మేస్త్రీ పానా ముట్టలేదు. రోటవేటరునకు అంటిన బురదనంతయు కడిగించి, ఇంజను వడి పెంచి లేచినంతమేర లేపించి, క్రింది చేయి ఎంత ఎత్తున ఉన్నదో ప్రక్కనున్న గోడపై సుద్దముక్కతో గీత గీచెను.

“తమ్ముడూ, ఇంక ఇంజను ఆపెయ్.”

“ఆపితే దిగిపోద్ది గదా మేస్త్రీ గారూ!”

“దిగనీ. ఎంతసేపట్లో దిగుద్దో అదే నాకు కావాల. దాని దగ్గరికి మాత్రం ఎవళ్ళూ పోమాకండి.”

బీడీ ఒకటి కాలకముందే చేయి గీతనుండి జానెడు క్రిందకు దిగినది. మరల ఇంజను వేయించి చూడగా, చేయి కొద్దిగా జారుట, వెంటనే తనంతట తాను లేచుట, తిరిగి జారుట కనబడెను. అప్పుడు మేస్త్రీ, “పంపు జోలికి పోవద్దు, పైమూత దించుదాం” అనెను. ఆయన తర్కము నిష్కళంకమైనది. ఇంజను ఆగినప్పుడు పంపు పని ముగిసినది. అటుపిమ్మట బరువును నిలిపియుంచవలసినవి సిలిండరు, పిస్టను రింగులు, ఆయిలు వెనుకకు పోకుండ ఆపు వాల్వు, వానిని కలుపు గొట్టముల ఓ-రింగులు. బరువు త్వరగా దిగిపోవుచున్నచో దోషము వీనియందే వెదకవలెను. మూత దించి పిస్టనును వెలికితీయగా, రబ్బరు రింగు ఒకచోట గోటి మందమున తెగి, తక్కినచోట్ల గుండ్రదనము కోల్పోయి పలకబారి గట్టిపడియుండెను. క్రొత్త రింగు వేయుటకు ముందు ఆయన సిలిండరు లోపలి గోడను గుడ్డతో తుడిచి, బొటనవ్రేలి గోరుతో పైనుండి క్రిందకు నెమ్మదిగా రాచి చూచెను. గోరునకు గీత తగిలినచో ఎంత మంచి రింగు వేసినను నెల తిరుగకుండ తెగుననియు, అప్పుడు సిలిండరునే మార్చవలెననియు ఆయన చెప్పిన మాట ప్రతి మేస్త్రీయు జ్ఞాపకముంచుకొనదగినది.

దీనికి విపర్యయముగా, ఇంజను ఆపినను బరువు చెక్కుచెదరక నిలిచియుండి, ఎత్తుట మాత్రమే చేతగాకున్నచో, సిలిండరును విప్పి ప్రయోజనము లేదు; పంపునందో, రిలీఫ్ వాల్వునందో, ఆయిలు పీల్చు మార్గమునందో దోషమున్నది. వేడిమి కూడ ఇచ్చట మంచి సాక్షి. ఉదయము చల్లని వేళ బరువు నెత్తి, మధ్యాహ్నమునకు ఎత్తలేకపోవుచున్నచో అరుగుదల ఉన్నట్లు. ఆయిలు వేడెక్కి పలుచనైనకొలది అరిగిన సందులనుండి ఎక్కువగా కారును. ఉదయము మొరాయించి, వేడెక్కిన పిమ్మట చక్కబడుచున్నచో ఆయిలు మరీ చిక్కనిదియో, జల్లెడ సగము పూడినదియో కావలెను. ట్రాలీకి ఆయిలు మళ్ళించు వాల్వు ఉన్న బండిలో ఇంకొక సులువు కలదు. లిఫ్టు చేతులకు పోవు దారి మూసి, నిండు ట్రాలీని ఎత్తి చూడవచ్చును. అది తడబడక లేచినచో పంపుపైనను రిలీఫ్ వాల్వుపైనను నింద వేయరాదు.

ఇప్పుడు రిలీఫ్ వాల్వును గూర్చి చెప్పకతప్పదు. ఒత్తిడి హద్దు మీరినప్పుడు తెరచుకొని ఆయిలును అడుగునకు వదలి, పంపును సిలిండరును రక్షించు చిన్న స్ప్రింగు వాల్వు అది. లిఫ్టు బరువు నెత్తలేదనగానే దీని స్ప్రింగు క్రింద ఒకటి రెండు వాషర్లు వేసి బిగించుట మన పల్లెలలో వ్యాపించిన దురాచారము. దానిని నేను తీవ్రముగా ఖండించుచున్నాను. వాషరు వేయుటవలన తెగిన రింగు అతుకుకొనదు, అరిగిన పంపు పూడుకొనదు. దోషము నిజముగా బరువుదే యైనప్పుడు మాత్రము కొన్ని దినములు పనిచేసినట్లు కనబడి, ఆ పిమ్మట ఒకనాడు పోతయినుముతో చేసిన పైమూత పగులుటయో, పంపు లోపలి భాగము విరుగుటయో సంభవించును. వంద రూపాయల రింగుతో పోవలసిన ఖర్చు వేల రూపాయలకు ఎక్కును. రైతు ఆ సంగతి నెరుగడు. వాషరు వేసినట్లు ఎవరును అతనికి చెప్పరు.

దీనికి ప్రత్యామ్నాయము ప్రెజరు గేజి. ఆయిలు వేడెక్కువరకు బండిని పనిచేయించి, బయటి ఆయిలు ద్వారమునకు గేజిని బిగించి, పుస్తకములో చెప్పిన వేగమున ఇంజనును నడిపి, లివరును పైకెత్తి పట్టినప్పుడు ముల్లు నిలుచు అంకెను చూడవలెను. బండిని బట్టి ఈ అంకె చదరపు సెంటీమీటరుకు 150 నుండి 200 కిలోల వరకు ఉండవచ్చును. మీ బండి పుస్తకములోని అంకెయే మీకు ప్రమాణము. ముల్లు ఆ అంకెను చేరి, రిలీఫ్ వాల్వు బుసకొట్టుచున్నను బరువు లేవకున్నచో ఆయిలు తన పని తాను చేసినట్లే. బరువునో లింకులనో మరల పరీక్షింపుడు. ముల్లు సగములో ఆగిపోయినచో ఆయిలు ఎక్కడనో తప్పించుకొనుచున్నది. ముందు చెప్పిన ఇంజను ఆపు పరీక్ష ఆ చోటును చూపును. గేజిని పట్టుకొని ఎక్కువసేపు రిలీఫ్ వాల్వును ఊదనీయరాదు, కొన్ని క్షణములలోనే ఆయిలు కాగిపోవును. చేతులు పై హద్దునకు చేరిన తరువాత కూడ రిలీఫ్ వాల్వు ఊదుచునే యున్నచో, లివరు హద్దు సవరణ తప్పినదని తెలిసికొని దానిని సరిచేయింపవలెను. లేనిచో దినమంతయు ఆ వేడిమి రబ్బరు సీళ్ళను కాల్చివేయుచుండును.

ప్రాణములకు సంబంధించిన రెండు హెచ్చరికలు ఇచ్చట చేర్చుచున్నాను. ఎత్తిన పనిముట్టు క్రిందకు, ఒక్క నిమిషమునకైనను, దిట్టమైన దుంగలనో స్టాండులనో ఆనించక చేయి గాని తల గాని పెట్టకుడు. లిఫ్టు నమ్మదగినది కాదనియే కదా మనము దానిని పరీక్షించుచున్నాము! రెండవది, గొట్టములోని సూదిబెజ్జమువంటి రంధ్రమునుండి ఒత్తిడితో చిమ్ము ఆయిలు చర్మమును చీల్చుకొని లోపలికి పోగలదు. కారుడును వ్రేలితో తడవి వెదకరాదు, అట్టముక్క నొకదానిని దూరముగా పట్టి చూడవలెను. అట్టి ధార చేతికి తగిలినచో గాయము చీమకుట్టినంతయే కనబడినను, నొప్పి లేకపోయినను, ఆ గంటలోనే ఆసుపత్రికి పోయి, హైడ్రాలిక్ ఆయిలు చర్మము లోపలికి పోయినదని వైద్యునితో స్పష్టముగా చెప్పవలెను. ఆలస్యమైనచో వ్రేలు గాని చేయి గాని తీసివేయవలసిన స్థితి రావచ్చును.

గార్లదిన్నె సంస్థయందు యంత్రములను పరీక్షించుటయే గాక, వాని నిర్వహణమున శిక్షణయు ఇచ్చుచున్నారు. ట్రాక్టరు మీద బ్రదుకు వెళ్ళదీయుచున్న యువకులు, ముఖ్యముగా సొంతముగా మరమ్మతు పని నేర్వగోరువారు, ఆ అవకాశమును ఉపయోగించుకొనవలెను. ఊరి మేస్త్రీలకు నా మనవి యొక్కటే: ప్రెజరు గేజి నొకదానిని కొని పెట్టెలో ఉంచుకొనుడు, గేజి చూపిన అంకెను రైతుకు చూపి, ఆ పిమ్మటనే మూత విప్పుడు. రైతు సోదరులారా, కాలువకు నీరు వదలుటకు నెలరోజుల ముందే, తీరిక ఉన్నప్పుడే, మీ బరువైన పనిముట్టును తగిలించి ఎత్తి, ఇంజను ఆపి, గోడమీద గీత గీచి చూచుకొనుడు.